హెప్సి వంతుకొచ్చిన మాటలు

"రాజక్కా, మా హెప్సక్క మాట్లాడింది! ఇంగ్లీషుల మాట్లాడింది! జెర జల్ది రా" అని హెప్సి తమ్ముడు డేవిడ్ ఫోన్ చేసినప్పుడు నేను మారేడ్‌పల్లిలో మా అత్తగారికి అన్నం తినిపిస్తున్నాను. హెప్సికి పక్షవాతం వచ్చి అప్పటికి నాలుగు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితోపాటే మాటా పోయింది. నాలుగు నెలలుగా ఆ నోట్లోంచి ఒక మూలుగు తప్ప ఏమీ రాలేదు. చెయ్యి కడుక్కున్నానో లేదో తెలియదు, ఆటో ఎక్కేశాను. కార్ఖానా పేటలో వాళ్లింటికి చేరేదాకా ఆ ఆటో అతనితో గొడవ పడుతూనే ఉన్నాను. సంతోషం వచ్చినా నాకు గొడవే వస్తుంది. నన్ను గయ్యాళి అంటారు. అననివ్వండి, నేనేమీ కాదనడం లేదు.

హెప్సి కిటికీ పక్క మంచం మీద, వీపుకి దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. డేవిడ్ భార్య సునీత అప్పుడే తల దువ్వినట్టుంది, కొబ్బరినూనె వాసన గదంతా ఉంది. డేవిడ్ ఆఫీసు బ్యాగు భుజం మీంచి దించలేదు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పరీక్ష పాసైన పిల్లాడిలా వెలిగిపోతున్నాడు. ఊరి చివర ఎక్కడో ఇలాంటి మనుషుల్ని చూసుకునే ఒక హోమ్ ఉందట. అక్కడ చేర్చే సంగతి పది రోజులుగా ఇంట్లో నలుగుతోంది. ఎవరూ తేల్చలేక, ఆ రోజు డేవిడ్ నేరుగా అక్కనే అడిగాడు. ఇప్పుడు నా ఎదుట మళ్లీ అడిగాడు. "అక్కా, నిన్ను ఆడ ఉంచితే నీకు ఓకేనా? నీ నోటితోటి చెప్పు." హెప్సి వాడి మొహంలోకి చూసింది. వంకరపోయిన పెదవి కొంచెం సర్దుకుంది. చాలా స్పష్టంగా, "ఇట్స్ ఆల్ రైట్. వాటెవర్ యూ థింక్..." అంది. ఒక్క ఊపిరంత సేపు ఆగింది. "...ఈజ్ బెస్ట్" అంది. సునీత కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. ఎందుకంటే ఆ ఆగిన చోట ఏముందో నాకు తెలుసు. ఆ ఆగిన చోట ఒక ప్రెషర్ కుక్కర్ విజిల్ ఉంది.

ఇది అర్థం కావాలంటే ఇదే ఇంట్లోకి, మా ఇద్దరికీ పదహారు దాటిన రోజుల్లోకి వెళ్లాలి. ఒక గోడకు ఇవతల మా వాటా, అవతల వాళ్ల వాటా. మా నాన్న శ్రీకాకుళం నుంచి గుమస్తా ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాడు. హెప్సి వాళ్ల నాన్నది కోస్తాలో మిషను వాళ్ల కుటుంబం, అమ్మది ఈ ఊరే. వాళ్ల నాన్న బడిలో తెలుగు మాస్టారు. మా ఇద్దరిదీ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. తర్వాత కాలేజీలో పడ్డాం. మొదటిరోజే లెక్చరరమ్మ ఒక్కొక్కరినీ లేపి మీ గురించి చెప్పుకోమంది. నేను లేచి పేరు చెప్పాను. ఆ తర్వాత ఏమీ రాక కూర్చున్నాను. హెప్సి లేచి అది కూడా చెప్పలేకపోయింది. "అదేంటి, మీరు క్రిస్టియన్స్ కదా, ఇంట్లో ఇంగ్లీషే కదా?" అంది ఆవిడ ఆశ్చర్యపోతూ. వాళ్లింట్లో ఇంగ్లీషేమిటి నా మొహం! వాళ్ల నాన్న దేవుడితో మాట్లాడినా, పాలవాడితో మాట్లాడినా అచ్చు పుస్తకంలోని తెలుగే. హెప్సి బాత్రూములోకి వెళ్లి ఏడ్చింది. నేను స్టాఫ్ రూముకి వెళ్లి ఆవిడతో దెబ్బలాడాను, తెలుగులో.

మా ఇంట్లో ఇంగ్లీషు లేదనడానికి లేదు. రోజూ పొద్దున్నే మా నాన్న గడ్డం గీసుకుని, చెవి కింద సబ్బు నురగ అలాగే ఉండగా, తడి తువ్వాలు భుజాన వేసుకుని, ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం గట్టిగా చదివేవాడు. పక్కనే కాఫీ చల్లారిపోయేది. గొంతు మాత్రం రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు. ఆఫీసు ఉత్తరం రాయమంటే మూడు పేజీలు ఒక్క కొట్టివేత లేకుండా రాయగలడు. అలాంటి మనిషిని ఒకరోజు రోడ్డు మీద ఎదురింటి ఆంగ్లో ఇండియన్ ముసలాయన టైమెంతైందని ఇంగ్లీషులో అడిగితే, మా నాన్న ఏమీ అనకుండా చెయ్యి చాచి గడియారం చూపించాడు. అది చూశాక ఇంట్లో ఉన్న ఇంగ్లీషుతో మా పని కాదని నాకు తెలిసిపోయింది.

దారి చూపించింది హెప్సి వాళ్ల మేనమామ. ఆయనకు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టుండేది. ఆదివారం కొట్టు మూసి, ప్లేయర్ తెచ్చి అక్కగారింట్లో పెట్టేవాడు. వాళ్లు గుడి నుంచి, అంటే చర్చి నుంచి, వచ్చాక సాయంత్రం దాకా అది మాదే. ఆయన కొట్లో ఎవరూ అద్దెకు తీసుకోని ఇంగ్లీషు క్యాసెట్ ఒకటుండేది. అందులో పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఒక ఇల్లు. ఇల్లు అమ్మి ఇంకో ఊరు వెళ్దామని ఆయన, రానని ఆవిడ. రెండు గంటలూ అదే. మామయ్య, "తీస్కోండి, నేర్చుకునేటోళ్లకు గిదే మంచిది. వీళ్లు నోరు మూస్తే ఒట్టు" అని మా మొహాన కొట్టాడు. క్యాసెట్ మళ్లీ వెళ్లిపోతుంది కాబట్టి మాటలైనా దాచుకోవాలని మా నాన్న టేప్ రికార్డర్ పట్టుకెళ్లి టీవీ ముందు పెట్టాం. ఇంట్లో అందరినీ నోరెత్తొద్దన్నాం. అందరూ ఒప్పుకున్నారు కానీ, హెప్సి వాళ్లమ్మ ఆదివారం మాంసం కుక్కర్లో పెట్టకుండా ఎలా ఉంటుంది? కాబట్టి మా టేపులో ఆ మొగుడూ పెళ్లాలతోపాటు మూడు విజిళ్లు, డేవిడ్ తుమ్ము, మామయ్య దగ్గు కూడా ఉండేవి.

మాటల్ని తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎత్తుకుని పంచుకున్నాం. పంచుకున్నాం అనడం అబద్ధం. నేను పంచాను. అరిచేవి, పళ్లేలు విసిరేవి, తలుపులు దడాలున వేసేవి, అంటే ఆవిడ మాటలన్నీ నేను తీసుకున్నాను. మిగిలినవి హెప్సికి. మిగిలినవంటే ఏముంటాయి? ఆ మొగుడు ఒక మెత్తని మనిషి. సర్దిచెప్పడం, క్షమాపణ అడగడం, నీ ఇష్టమనడం. రోజూ సాయంత్రం మా వంటింటి వెనక రుబ్బురోలు దగ్గర మా బడి. హెప్సి పొత్రం తిప్పేది, నేను పిండి లోపలికి తోసేదాన్ని. పొత్రం ఒక చుట్టు తిరిగేలోపు నా మాట, రెండో చుట్టులో తన మాట. నానిన మినప్పప్పు వాసన, కిరోసిన్ స్టవ్వు వాసన ముక్కుకి తగిలితే ఇప్పటికీ నా నోట్లోకి మొదట వచ్చేది ఇంగ్లీషే. టేపు మాకు వేదవాక్కు. ఎక్కడ ఊపిరి పీలిస్తే అక్కడ పీల్చేవాళ్లం. విజిల్ వచ్చినచోట కింద ఏ మాట పోయిందో వెతుకుదామంటే క్యాసెట్ ఎటో వెళ్లిపోయింది. అందుకని అక్కడ విజిల్ ఎంతసేపు మోగిందో అంతసేపు ఆగి, తర్వాతి మాట అందుకునేవాళ్లం. నెల తిరిగేసరికి అలా ఆగుతున్నామన్న సంగతే మర్చిపోయాం.

మా మామ్మకి మాత్రం ఈ చదువు నచ్చేది కాదు. అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ, "ఓలమ్మో, ఏటే రాజీ, ఆ గుంటని అలాగ తిడతన్నావు? పాపం అది ఎదురు మాట ఆడనైనా ఆడదు" అనేది. నిజంగా తిట్టడం లేదని, పాఠమని ఎంత చెప్పినా నమ్మదు. "పాఠమైతే దాన్నీ తిట్టనీ మరి, ఒకపాలి" అనేది. ఆవిడకున్న ఇంగితం నాకు లేదు.

ఒకరోజు హెప్సి కూడా అడిగింది. పొత్రం ఆపి, మోచేత్తో జుట్టు వెనక్కి తోసుకుంటూ, "రాజీ, ఇయ్యాల ఒక్కసారి నేను అరుస్తనే. నువ్వు ఆయన చెయ్యి" అంది. నేను నవ్వాను. "నువ్వు అరిస్తే మా ఇంటి పిల్లి కూడా నిద్ర లేవదు. నీ వంతు నువ్వు చెప్పు" అన్నాను. "సరే తియ్" అని పొత్రం తిప్పింది. అంతే. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. దీన్ని నేను ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకోలేదు. ఊచ పట్టుకుని నిలబడ్డ ఆ రోజే గుర్తొచ్చింది.

ఆ చదువు పనికి రాలేదంటే పాపం. డిగ్రీ అయ్యాక నాకు ఆఫీసులో ఉద్యోగమొచ్చింది. ఎవరి మీద ఫిర్యాదు రాయాలన్నా, పైనుంచి వచ్చిన వాడి మొహం మీద అడగాలన్నా అందరూ నన్నే ముందుకు తోసేవారు. దాని ఫలితంగా వచ్చిన బదిలీలు కూడా నేనే అనుభవించాను. హెప్సి బేగంపేటలో ఒక హోటల్లో రిసెప్షనిస్టుగా చేరి ముప్ఫై ఏళ్లు ఆ బల్ల వెనక నిలబడింది. వేడినీళ్లు రాలేదని, గది బాగాలేదని కేకలేసే మనుషుల ముందు ఆ మెత్తని మొగుడి మాటల్నే పరిచింది. ఉత్తమ ఉద్యోగి అని ఫొటో గోడకెక్కించారు. "మొగుడి డైలాగులన్నీ నాకే ఇచ్చినవ్. వాటితోటే బతుకుతున్న చూడు" అనేది నాతో. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఒక సంబంధం వచ్చింది. తమ్ముడు ఒక దారిన పడేదాకా ఆగమన్నారు ఇంట్లో వాళ్లు. ఆగింది. ఆ సంబంధం పోయింది. వాళ్లు అడిగినప్పుడు తను ఏమందో నేను వినలేదు. వినాల్సిన అవసరమూ లేదు.

మొన్న బేగంపేట వెళ్తూ మెట్రోలో నిలబడితే నా చుట్టూ నలుగురు ఆడపిల్లలు ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు. ఎవరి ఫోను వాళ్లది, చెవుల్లో ఏవో పెట్టుకుని సీరియళ్లు చూసి నేర్చుకున్నవాళ్లే. ఆ యాస పట్టేస్తాను నేను. తిట్టే మాటా వాళ్లదే, సర్దుకునే మాటా వాళ్లదే. మీకిది ఆమెకది అని పంచేవాళ్లు లేరు. నాకు కళ్లు మండాయి. మా కాలమే బాగుండేదని చెప్పుకోవడానికి ఇదంతా రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, చదవడం ఇక్కడితో ఆపెయ్యండి.

ఇక ఆ రోజు సంగతి. నేను మంచం మీద హెప్సికి ఎదురుగా కూర్చుని సినిమాలో ఆవిడ మాట ఒకటి విసిరాను. "డోన్ట్ టెల్ మీ వాట్ ఐ వాంట్!" హెప్సి కళ్లు నావైపు తిరిగాయి. "ఐ అండర్‌స్టాండ్ హౌ యూ ఫీల్" అంది. ఇంకోటి విసిరాను, దాని జవాబొచ్చింది. ఇంకోటి, దాని జవాబు. నా గొంతు దానంతటదే పెరిగిపోయింది. అరుస్తున్నాను, ఏడుస్తున్నాను. తను వరస తప్పకుండా సర్దిచెబుతోంది. సునీత గరిటెతో పరుగెత్తుకొచ్చి, "అయ్యో, వదిన ఎంత మంచిగ మాట్లాడుతుంది!" అంది. నేను ఆగి, తెలుగులో నెమ్మదిగా అడిగాను. "హెప్సీ, నీకు ఆ హోమ్‌కి వెళ్లాలనుందా?" అవునన్నట్టు తల ఊపింది. "వద్దనుందా?" అలాగే తల ఊపింది.

"ఇది ఒప్పుకోవడం కాదురా డేవిడ్. ఇది సినిమా. చిన్నప్పుడు మేం బట్టీపట్టిన సినిమా" అన్నాను. డేవిడ్ నన్ను చూసిన చూపులో కోపం లేదు. వెలుగు మాత్రం ఆరిపోయింది. మర్నాడు మాట నేర్పించే అమ్మాయి వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, అవునంది. ప్రార్థనలు, పాటలు, బట్టీపట్టినవి ఇలాంటివాళ్లలో కొన్నిసార్లు మిగిలిపోతాయట. అడిగినదానికి జవాబుగా కాదు, అలవాటుగా బయటికొస్తాయట. తల ఊపడాన్ని కూడా నమ్మొద్దంది. "ఆ మాటల మీంచి అసలు మాటల్లోకి తీసుకురాలేమా అమ్మా?" అన్నాను. "ట్రై చేద్దాం ఆంటీ. కానీ దెబ్బ చాలా పెద్దది" అని ఫైలు మూసింది. ఆ పిల్లతోనైనా దెబ్బలాడదామనుకున్నాను. దేనిమీద దెబ్బలాడాలో తెలియలేదు.

ఆ అమ్మాయి వెళ్లాక డేవిడ్ మెట్ల మీద కూర్చున్నాడు. "అక్కా, నా తక్లీఫ్ నీకెర్క లేదా? పనామెలు వస్తున్నరు, పోతున్నరు. సునీతకు నడుము పోయింది. సరే, సినిమానే అనుకుందాం. కానీ మా అక్క జిందగీ మొత్తం గదే అన్నది కద! నన్ను చదివిపిచ్చేటప్పుడు గదే అన్నది. నేను ఈమెను చేసుకుంట అంటే గదే అన్నది. అప్పుడు నిజమైంది ఇప్పుడు సినిమా ఎట్లయితది? నువ్వే చెప్పు." యాభై ఏళ్లలో నన్నెవరూ అలా కట్టిపడేయలేదు. నోరు తెరిచాను. అప్పుడు కూడా అది సినిమాయేమోరా అనాలి. అంటే ఈ తమ్ముడి బతుకు మొత్తం దేనిమీద నిలబడిందో వాడికి చెప్పినట్టవుతుంది. మింగేశాను. వాడు నా మొహం చూసి, ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అడిగాడు. "పోనీ, మీ ఇంటికి తీస్కపోతవా?"

మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా అత్తగారు మంచం మీద ఉన్నారు. ఉన్నవి రెండు గదులు. ఇవన్నీ నిజాలే. ఇవి నిజాలైనందుకు ఆ క్షణాన నాకెంత ఊరట కలిగిందో అది కూడా నిజం. డేవిడ్ లేచి లోపలికెళ్లి హోమ్ వాళ్లకు ఫోన్ చేశాడు.

పదిహేను రోజులు గడువు దొరికింది. మధ్యాహ్నం అత్తగారికి తినిపించి, రోజూ కార్ఖానా వెళ్లాను. ఈసారి వంతులు మార్చాను. నేను ఆ మెత్తని మొగుణ్ని, హెప్సి ఆవిడ. తనకు నేర్పించాల్సింది ఒక్క వాక్యం, నేనెక్కడికీ రానని. వాక్యం కాకపోతే ఒక్క మాట. 'నో' చాలు. నాలుకను పై పళ్ల వెనక పెట్టి చూపించాను. అద్దం తెచ్చి తన మొహం తనకు చూపించాను. ఆ మొగుడి మాటలు నేను మొదటిసారి నోటితో అన్నది అప్పుడే. ఎంత కష్టమో చెప్పలేను. గొంతు తగ్గించాలి, ఎదుటివాళ్లు చల్లబడేదాకా కాచుకోవాలి, నీ ఇష్టమని నిజంగా అనుకుంటున్నట్టు అనాలి. నేను రెండు నిమిషాలు చేయలేకపోయాను. హెప్సి నన్నే చూసేది. నేను నా అరుపు అరవడం లేదేమిటా అన్నట్టు కాచుకునేది. ఇంక ఉండబట్టలేక నేను అరిస్తే, చప్పున జవాబిచ్చేది.

పన్నెండో రోజు నాలుక పైకి లేచింది. కంఠంలో నరాలు ఉబ్బాయి. "న..." అంది. "అను హెప్సీ, అను, అనవే తల్లీ" అని నేను తన భుజాలు పట్టుకుని ఊపేశాను. సునీత గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. "న... న..." అంది హెప్సి. నుదుటి మీద చెమట పట్టింది. తర్వాత ఆ ముడి విడిపోయింది. మొహమంతా నునుపై, పాత హెప్సి అయిపోయింది. ఎడమ చేత్తో నా చెయ్యి నిమురుతూ, "ఇట్స్ ఆల్ రైట్" అంది. నన్ను ఓదార్చింది.

హోమ్ చెడ్డదేమీ కాదు. గచ్చు శుభ్రంగా ఉంటుంది, ఫినాయిలు వాసన తప్ప వేరే వాసన రాదు. డేవిడ్ ప్రతి ఆదివారం గుడి నుంచి నేరుగా వెళ్తాడు. నేను శనివారాలు వెళ్తాను. అక్కడ చూసుకునే యాదమ్మకు హెప్సి అంటే ప్రాణం. "మీ దోస్తు అసుంటి పేషెంటు నాకు ఇంతవరకు దొరకలే మేడం. పక్క బెడ్డామె పొద్దంత లొల్లి, అది వద్దు, ఇది వద్దు. ఈమె ఏమడిగినా వద్దనదు" అంటుంది. ఆ మాట ఇంకొకరంటే కడిగేసేదాన్ని. ఆమె పొగుడుతోంది మరి.

వేసవి మొదలైంది. నేను గ్లాసులో నీళ్లు పోసి, "హెప్సీ, దాహంగా ఉందా?" అంటాను. "ఇట్స్ ఆల్ రైట్" అంటుంది. గ్లాసు పెదవులకు ఆనిస్తే, ఒక్కోసారి పొద్దున్నుంచీ ఎవరూ చుక్క నీళ్లివ్వనట్టు గటగటా తాగేస్తుంది. ఒక్కోసారి మింగదు. నీళ్లు గడ్డం మీంచి మెడలోకి, జాకెట్లోకి కారిపోతాయి, అలాగే చూస్తూ కూర్చుంటుంది. ఏ రోజు ఏదో ముందుగా తెలుసుకునే దారి నాకు ఇప్పటిదాకా దొరకలేదు. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, గ్లాసు ఎత్తుతాను.